ఎంటర్‌ప్రైజ్ రిసోర్స్ ప్లానింగ్

ఎంటర్‌ప్రైజ్ రిసోర్స్ ప్లానింగ్ లేదా సంక్షిప్తంగా ఈఆర్‌పీ అనునది ఒక సంస్థలోని కొనుగోళ్ళు, ఉత్పత్తి, సరుకు నిల్వలు, అమ్మకాలు, జమాఖర్చులు, జీతభత్యాలు మొదలైన వ్యవహారాలను ఒకే డేటాబేసుతో అనుసంధానించే సాఫ్టువేరు వ్యవస్థ.

పనిచేయు విధానము

ఏ శాఖకు ఆ శాఖ విడిగా లెక్కలు వ్రాసుకొన్నప్పుడు ఒకే సమాచారాన్ని పలుచోట్ల నమోదు చేయవలసి వస్తుంది. అంకెలు పొసగకపోవడం కూడా సర్వసాధారణం. ఈఆర్‌పీలో ఒక వివరాన్ని ఒక్కసారి నమోదు చేసిన చాలును. ఉదాహరణకు, గిడ్డంగి నుండి సరుకు బయలుదేరినట్లు నమోదు కాగానే నిల్వ తగ్గుతుంది, దాని విలువ ఖాతాలకెక్కుతుంది, బిల్లు తయారుచేయుటకు వీలవుతుంది. అయితే ఒకచోట పడిన తప్పు అంకె కూడా అంతే వేగంగా అన్ని శాఖలకూ ప్రాకుతుంది.

చరిత్ర

1960లలో కర్మాగారాల ముడిసరుకు అవసరాలను లెక్కకట్టుటకు రూపొందిన మెటీరియల్ రిక్వైర్‌మెంట్స్ ప్లానింగ్ పద్ధతి దీనికి మూలం. 1972లో ఐబీఎం నుండి వైదొలగిన ఐదుగురు ఇంజనీర్లు జర్మనీలో శాప్ సంస్థను స్థాపించారు. ఈఆర్‌పీ అన్న పేరును 1990లో గార్ట్‌నర్ సంస్థ వాడుకలోకి తెచ్చింది. శాప్ వారి ఆర్/3 1992లో విడుదలై విస్తృత ప్రచారం పొందింది. తరువాతి కాలంలో హైదరాబాదులోని అమీర్‌పేట శిక్షణా కేంద్రాలలో చదివి ఈ రంగంలో ఉపాధి పొందిన తెలుగువారు అనేకులు.

అమలులో ఇబ్బందులు

అమెరికాకు చెందిన చాకొలెట్ల సంస్థ హెర్షీ, నాలుగేళ్ళ పనిని రెండున్నరేళ్ళకు కుదించి, 1999లో గిరాకీ పెరిగే వేళ కొత్త వ్యవస్థకు మారింది. గిడ్డంగులలో సరుకు ఉండికూడా హాలోవీన్ పండుగకు సుమారు 10 కోట్ల డాలర్ల ఆర్డర్లను అందించలేకపోయింది. కావున పాత లెక్కలను సరిచూచుట, సిబ్బందికి ముందుగా శిక్షణ ఇచ్చుట, రద్దీ లేని కాలంలో మార్పు చేపట్టుట సాఫ్టువేరు ఎంపికతో సమానమైన ప్రాముఖ్యత గలవి.