ఆధ్యాత్మికత, మతము: బ్రహ్మసమాజ చరిత్ర తెలుపు భేదము

మతము అను మాటకు మొదటి అర్థము అభిప్రాయము. ‘ఇది నా మతము’ అని పండితుడు వ్రాసినచో, తాను విచారించి నిశ్చయించుకొన్న సంగతి అని మాత్రమే వెనుకటివారు గ్రహించెడివారు. ఒకరు నిశ్చయించుకొన్నది పదిమందికి నచ్చి, ఆ పదిమందికి కట్టుబాటై, ఆ తరువాత పుట్టుకతోనే బిడ్డకు సంక్రమించు పేరుగా మారినప్పుడు ఆ మాటకు నేటి అర్థము స్థిరపడినది. అధ్యాత్మము అను మాట ఇంత దూరము ప్రయాణము చేయలేదు. ఆత్మను గూర్చినదని నాడును అర్థమే, నేడును అర్థమే. మతమునకు సాక్షులు కావలెను. అధ్యాత్మమునకు ఎవరికి వారే సాక్షి.

ఈ భేదమును మాటలలో చెప్పుట సులభము. బ్రతుకులో ఈ రెండింటిని వేరుచేయ వీలగునా అనునదియే కష్టమైన ప్రశ్న. మతపు గోడలు లేని ఆధ్యాత్మిక జీవనమునకు ఒక ఇల్లు కట్టవలెనని పంతొమ్మిదవ శతాబ్దమున కలకత్తా నగరములో కొందరు పూనుకొనిరి. ఏబది సంవత్సరములలో ఆ ఇల్లు మూడు భాగములైనది. అందుచేతనే బ్రహ్మసమాజ చరిత్ర ఈ ప్రశ్నకు ఒక పెద్ద పరీక్షగా నిలిచినది.

రామమోహనరాయలు అరబ్బీ, పారసీ, సంస్కృత భాషలను శ్రద్ధతో అభ్యసించినవాడు. 1815లో వేదాంతమును వంగభాషలోనికి తెచ్చెను. 1820లో క్రీస్తు చరిత్రలోని అద్భుతములను విడిచి నీతిబోధలను మాత్రమే ఏర్చి ఇంగ్లీషున ప్రకటించెను. అది చూచి శ్రీరామపురపు మిషనరీలు కోపించిరి. విగ్రహారాధనను ఖండించినందుకు స్వజనులు అంతకుముందే కోపించి యుండిరి. ఇట్లు రెండు వైపులవారికిని దూరమైన ఆయన 1828 ఆగస్టు 20వ తేదీన, చిత్పూరు రోడ్డులోని ఒక అద్దె ఇంట బ్రహ్మసభను ప్రారంభించెను. 1830 జనవరిలో సభకు సొంత మందిరము ఏర్పడినది.

ఆ మందిరమునకై వ్రాయబడిన ధర్మకర్తల దస్తావేజు మన దేశ చరిత్రలో ఒక విశేషమైన పత్రము. మర్యాదగా నడచుకొను ఏ జాతివారైనను, ఏ వర్గమువారైనను లోనికి వచ్చి ఉపాసనలో కూర్చుండవచ్చును. విగ్రహముగాని పటముగాని అందు ఉండరాదు. జీవహింస జరుగరాదు. ఇతరులు పూజించు ఏ వస్తువును అందు నిందింపరాదు. వచ్చినవానికి దీక్ష లేదు. అతని మతమేదియని అడుగువాడు లేడు. హిందువుగా వచ్చినవాడు హిందువుగానే ఇంటికి పోవును. రామమోహనుడు కోరినది మరియొక మతము కాదు. ఉన్న మతములవారందరును కలిసి కూర్చుండగల ఒక చోటు.

అయినను ఆ సభలో ఒక తెర యుండెను. సభ జరుగునప్పుడు ప్రక్కగదిలో ఇద్దరు తెలుగు బ్రాహ్మణులు వేదపఠనము చేసెడివారు. బ్రాహ్మణేతరులకు ఆ గదిలో ప్రవేశము లేదు. తరువాత ఉత్సవానంద విద్యావాగీశుడు ఉపనిషత్తులను చదువగా, రామచంద్ర విద్యావాగీశుడు వానిని వంగభాషలో వివరించుట అందరును వినుచుండిరి. మన ప్రాంతమునుండి అంత దూరము పోయిన ఆ వేదపండితుల కంఠములు గోడ యావల వినబడుచుండగా, కులభేదము లేని పరమాత్మను గూర్చి గోడ యీవల ఉపన్యాసము సాగుచుండెను. రామమోహనుడు కపటి కాడు. ఆయనయు యజ్ఞోపవీతమును విడువలేదు. 1833లో ఇంగ్లండులోని బ్రిస్టలు నగరమున మరణించినప్పుడు ఆయన శరీరముపై అది యుండెను. భావము ఎంత ముందునకు పోయినను ఆచారము వెనుకనుండి చేయి పట్టుకొనుట మానవ స్వభావము.

ఆయన ఇంగ్లండు వెళ్ళిన పిమ్మట సభ క్షీణించినది. ద్వారకానాథ ఠాకూరు ధనసహాయము, రామచంద్ర విద్యావాగీశుని పట్టుదల దానిని నిలిపినవి. ద్వారకానాథుని పెద్ద కుమారుడు దేవేంద్రనాథుడు ఈ మార్గమునకు వాదముచేత వచ్చినవాడు కాడు. గంగ ఒడ్డున తన నాయనమ్మ అవసానకాలమున కూర్చుండియున్న ఒక రాత్రి, కారణము తెలియని గొప్ప ఆనందమును, ఐశ్వర్యముపై విరక్తిని ఆయన అనుభవించెను. ఆ ఆనందము మరునాటికి లేదు. దానిని వెదకుచు కొంతకాలము దుఃఖములో గడిపెను. ఒకనాడు చినిగిన సంస్కృత గ్రంథపు పుట ఒకటి ఆయన కంటబడినది. అది ఈశోపనిషత్తులోనిది. రామచంద్రుడు దాని అర్థము చెప్పగా, తాను వెదకుచున్న దానికి మాట దొరికెనని ఆయన సంతసించెను. ఇక్కడ అనుభవము ముందు, గ్రంథము తరువాత వచ్చినవి. ఆధ్యాత్మిక జీవనమున సాధారణముగా ఇదియే క్రమము. మతములో పుట్టినవానికి గ్రంథము ముందు వచ్చును. అనుభవము వచ్చినను రావచ్చును, రాకపోవచ్చును.

దేవేంద్రనాథుడు 1839లో తత్త్వబోధినీ సభను స్థాపించెను. బ్రహ్మసమాజమునకు వచ్చి చూచినప్పుడు ఆయనకు రెండు లోపములు కనబడినవి. మొదటిది ఆ ప్రక్కగది. వేదపఠనము అందరి యెదుట జరుగునట్లు ఆయన ఏర్పాటు చేసెను. రెండవది, వచ్చినవారు విని పోవుటయే తప్ప ఏ బాధ్యతయు వహింపకపోవుట. నిరాకారోపాసనను మెచ్చుకొని ఇంటికి పోయి విగ్రహపూజ చేయువారే పెక్కుమంది. అందుచేత ఆయన ఒక ప్రతిజ్ఞాపత్రమును ఏర్పరచి, 1843 డిసెంబరు 21వ తేదీన ఇరువదిమంది మిత్రులతో కూడ రామచంద్రుని యొద్ద దీక్ష గైకొనెను. ఆనాడు బ్రహ్మసమాజము మతముగా మారుట ఆరంభమైనది. ఇది పతనమని చెప్ప వీలులేదు. దీక్ష లేనిచో సమాజము నిలువదు. దీక్ష యున్నచో లోపలివారు, బయటివారు అను భేదము తప్పదు. దేవేంద్రనాథుడు నిలుచుటను ఎన్నుకొనెను.

ఆయన జీవితములోని రెండు సంఘటనలు ఈ భేదమును స్పష్టముగా చూపును. 1846లో ద్వారకానాథుడు లండనులో మరణించెను. తండ్రికి విగ్రహసన్నిధిలో శ్రాద్ధము చేయుటకు దేవేంద్రనాథుడు అంగీకరింపలేదు. జ్ఞాతులు ఆయనను వెలిగా చూచిరి. 1848 ప్రాంతమున కుటుంబ వ్యాపారము కూలిపోయి ఋణములు మీద పడినవి. ట్రస్టు ఆస్తిపై ఋణదాతలకు హక్కు లేదు. అయినను దానిని కూడ వారికి అప్పగించుటకు సోదరులు సిద్ధపడిరి. ఋణదాతలు ఆశ్చర్యపడి, కుటుంబపోషణమునకు భత్యము ఏర్పరచిరి. క్రమముగా అప్పులన్నియు తీరినవి. మొదటి సంఘటనలో ఊరంతయు చూచునట్టి మతవిషయమున్నది. రెండవదానిని ఏ శాస్త్రమును ఆయనకు విధింపలేదు. చేయకున్నచో అడుగువాడును లేడు. ఆయన ఉపాసన ఫలించినది ఎక్కడనని విచారించినచో రెండవ సంఘటనను చూడవలసియుండును.

గ్రంథప్రామాణ్యమును గూర్చియు ఆయన ఇంతటి నిజాయితీనే చూపెను. వేదములు నాలుగింటిని చదివి వచ్చుటకు నలుగురు విద్యార్థులను కాశికి పంపెను. తత్త్వబోధినీ పత్రిక సంపాదకుడైన అక్షయకుమార దత్తు మొదలగువారితో దీర్ఘకాలము చర్చించెను. తుదకు వేదములు ప్రశ్నింపరానివను సిద్ధాంతమును 1850 ప్రాంతమున సమాజము విడిచిపెట్టినది. తన్ను మేల్కొల్పిన ఉపనిషత్తులు కూడ పూర్తిగా ఆధారము కాజాలవని ఒప్పుకొనుట ఆయనకు తేలిక కాలేదు. పరిశుద్ధమైన హృదయమునందు స్వయముగా తోచు జ్ఞానమే పునాదియని ఆయన నిశ్చయించెను.

కాని అందరి హృదయములందును ఒకే విధముగా తోచునా? 1857లో సమాజమున చేరిన కేశవచంద్రసేనుడు తేజస్వి, మహావక్త. ఆత్మలో కులము లేనప్పుడు వేదికపై కూర్చుండు ఆచార్యుని భుజమున యజ్ఞోపవీతము ఏలయని యువకులు అడిగిరి. దేవేంద్రనాథుడు తన యజ్ఞోపవీతమును విడిచినవాడే. అయినను ఇతరులచే బలవంతముగా విడిపించుట ఆయనకు ఇష్టము లేదు. 1866లో కేశవుడు వేరుపడి భారతవర్షీయ బ్రహ్మసమాజమును స్థాపించెను. పాతది ఆది బ్రహ్మసమాజమైనది. ఇరువురును ఆత్మ పేరనే మాటలాడిరి. విడిపోయినది మాత్రము కంటికి కనబడు నూలుపోగును గూర్చి.

తరువాత వచ్చినది వివాహ ప్రశ్న. బ్రాహ్ముల వివాహములు న్యాయస్థానములలో చెల్లునో చెల్లవో తెలియకుండెను. ఒక చట్టము కావలెనని కేశవుని పక్షమువారు కోరిరి. తాము హిందువులమేయని ఆది సమాజమువారు దానిని ఎదిరించిరి. తుదకు 1872లో మూడవ చట్టము వచ్చినది. దాని ప్రకారము వివాహమాడువారు తాము క్రైస్తవులము, యూదులము, హిందువులము, మహమ్మదీయులము, పారసీకులము, బౌద్ధులము, సిక్కులము, జైనులము కామని రిజిస్ట్రారు ఎదుట చెప్పవలెను. 1830 నాటి దస్తావేజు ఎవరిని ఏమియు అడుగక తలుపు తెరచినది. నలువదిరెండు సంవత్సరముల పిమ్మట ఆ మార్గమున నడచినవారు ఎనిమిది మతములను కాదనిన తప్ప పెండ్లి చేసికొనలేని స్థితి వచ్చినది. అన్ని మతములకును ఆవల నిలువగోరినవానికి ప్రభుత్వపు పట్టికలో చోటు లేదు. ఏ మతమును కానివాడు అనుటయు చివరకు ఒక మతపు పేరే అయినది.

ఇంతవరకు చూచినచో దోషమంతయు మతముదేయని తోచును. 1878 నాటి సంగతి అట్లు తలచువారిని ఆపును. ఆ చట్టము బాలికకు పదునాలుగు సంవత్సరముల వయస్సును విధించినది. దానికై మిక్కిలి పాటుపడినవాడు కేశవుడు. అట్టివాడు ఆ వయస్సు నిండని తన కుమార్తె సునీతిని కూచ్‌బిహారు సంస్థాన ప్రభువునకు ఇచ్చుటకు అంగీకరించెను. అది తనకు వచ్చిన దైవాదేశమని చెప్పెను. లోపలి వెలుగును ఎదుటివాడు పరీక్షింపజాలడు. కనుక ఆ మాటకు ప్రత్యుత్తరము లేదు. అనుచరులలో పెక్కురు ఆయనను విడిచి, 1878 మే 15వ తేదీన సాధారణ బ్రహ్మసమాజమును స్థాపించి, ఏ ఒక్కని మాటయు తుదిమాట కాకుండ నియమములను వ్రాసికొనిరి. నియమములు, సభ్యత్వము, అధికసంఖ్యాకుల నిర్ణయము: ఇవన్నియు మతసంస్థ లక్షణములు. ఆ బాలిక పక్షమున నిలిచి మాటలాడినవి ఆనాడు అవియే. అంతర్వాణికి కూడ అడ్డు చెప్పువారు ఉండవలెను.

ఈ చరిత్రనంతయు లోపలినుండి చూచినవాడు రవీంద్రనాథుడు. దేవేంద్రనాథుని కుమారుడు, 1884లో ఆది సమాజమునకు కార్యదర్శియైనవాడు. 1910లో గ్రంథరూపమున వెలువడిన ‘గోరా’ నవలలో ఇద్దరు బ్రాహ్ములను ఆయన ఎదురెదురుగా నిలిపెను. హారానుబాబు సమాజము కొరకు నిరంతరము పాటుపడును. ఎవడు బ్రాహ్ముడో ఎవడు కాడో కనిపెట్టుటయే ఆయన ఉపాసన. పరేశబాబు తక్కువ మాటలాడును. తన కుమార్తె లలిత హిందువైన వినయుని పెండ్లాడగోరినప్పుడు సమాజపు నిందను మౌనముగా భరించును. నవలాంతమున గోరా తన జన్మరహస్యము తెలిసికొని, తాను హిందువుగా పుట్టలేదని ఎరిగి, వెళ్ళునది ఈ పరేశబాబు యొద్దకే. అయితే పరేశబాబు కూడ ఆ సమాజములో పెరిగినవాడేయని చదువరి మరువరాదు. హారానుబాబులు కాపాడిన గోడల నడుమనే పరేశబాబు ప్రార్థన నేర్చుకొనెను.

వీరేశలింగం పంతులుగారు, రఘుపతి వేంకటరత్నం నాయుడుగారు ఈ మార్గమును ఆంధ్రదేశమునకు తెచ్చిరి. వారి శిష్యులలో ఎందరు బ్రాహ్ములైరని లెక్కించినచో సంఖ్య చిన్నది. వితంతువుల, అనాథల జీవితములలో వచ్చిన మార్పును చూచినచో ఫలము చిన్నది కాదు.

1872 చట్టము 1923లో సవరింపబడినది. హిందువులు, బౌద్ధులు, సిక్కులు, జైనులు తమలో తాము వివాహమాడునప్పుడు తమ మతమును కాదననక్కరలేదను వీలు కలిగినది. 1954లో దాని స్థానమున వచ్చిన ప్రత్యేక వివాహ చట్టము వధూవరులలో ఎవరిని తమ మతమును కాదనుమని కోరదు. రామమోహనుడు 1830లో ఒక మందిరపు ద్వారమునకు మాత్రమే వ్రాసియిచ్చిన అనుమతిని, నూట ఇరువదినాలుగు సంవత్సరముల పిమ్మట ఒక ప్రభుత్వము తన కార్యాలయపు బల్లకు వ్రాసికొన్నది. లోనికి వచ్చిన పిమ్మట మనుష్యుడు ఏమగుననునది ఏ దస్తావేజును వ్రాయజాలదు. ఋణదాతల ఎదుట దేవేంద్రనాథుడు నిలిచినట్లు, అది అతడు ఒంటరిగా తేల్చుకొనవలసినది.