కుట్టు మిషనుపై ఎంబ్రాయిడరీ - ఒక చేతివిద్య చరిత్ర

చేతితో ఎంబ్రాయిడరీ చేసేటప్పుడు వస్త్రము నిలిచి ఉంటుంది, సూది కదులుతుంది. కుట్టు మిషనుపై అదే పని చేయబోతే వ్యవహారము తలకిందులవుతుంది. సూది ఉన్నచోటనే ఉండి మీదికీ కిందికీ ఆడుతుంది. పువ్వు కావాలన్నా, తీగె కావాలన్నా కదలవలసినది దాని కింద ఉన్న వస్త్రము. కలమును ఒకచోట బిగించి, కాగితమును జరుపుతూ సంతకము చేయమంటే ఎట్లా ఉంటుందో, ఈ పనికి కొత్తగా కూర్చున్నవారికి అట్లా ఉంటుంది. ఏళ్ల తరబడి ఇంట్లో రవికెలు కుట్టుకొంటున్న గృహిణి సైతము మొదటి పూట ఒక గుండ్రని చుక్క వేయలేక తనలో తాను నవ్వుకొంటుంది. అందువలననే ఈ విద్యను పుస్తకము చూచి నేర్చుకొన్నవారు తక్కువ. తెలిసినవారి పక్కన కూర్చుండి, మిషను తొక్కి, దారము తెంపుకొని, మరల ఎక్కించుకొని నేర్చుకొన్నవారే ఎక్కువ. వేడుక కొరకు కుట్టేవారికై నేడు అనేక దేశాలలో ఇటువంటి శిక్షణ తరగతులు జరుగుతున్నవి. అక్కడ ఒక పూటలో నేర్పే చిన్న చిన్న కిటుకులకు రెండున్నర శతాబ్దాల చరిత్ర కలదు.

ఆ చరిత్ర మిషనుతో గాక, ఒక కొక్కెపు సూదితో మొదలవుతుంది. చెప్పులు కుట్టేవారు తోలుకు రంధ్రము చేయుటకు వాడే ఆరె తెలుగువారికి తెలిసినదే. దాని కొనను సన్నముచేసి, చిన్న గాడి పెట్టితే అది దారమును పట్టి లాగే పనిముట్టు అవుతుంది. గుజరాతు, కచ్ఛ ప్రాంతాలలో తోలుపని చేసే మోచీలు ఈ పనిముట్టుతోనే తోలుమీద, తరువాత వస్త్రముమీద గొలుసుకుట్టు వేసేవారు. వస్త్రమును చట్రమునకు బిగించి, ఆరీని పైనుండి గుచ్చి, కింద పట్టుకొన్న దారమును మెలికగా పైకి లాగుతారు. ఆ మెలికలోనుండే మరల గుచ్చి రెండవ మెలిక లాగుతారు. ఒక మెలికను మరొకటి పట్టుకొని గొలుసు సాగిపోతుంది. ఇప్పుడు తెలుగునాట పెండ్లి రవికెలపై చేసే మగ్గము పని ఇదే. ఇక్కడ మగ్గమనగా నేతమగ్గము కాదు, గుడ్డను బిగించే కొయ్య చట్రము.

ఆసియా ఖండపు ఈ కుట్టు 18వ శతాబ్ది మధ్యకాలమున ఐరోపాలో ప్రవేశించినది. గుండ్రని చట్రముమీద బిగించిన గుడ్డ మద్దెలవలె కనిపించుటచే ఫ్రెంచివారు దానికి తంబూర్ అని పేరు పెట్టినారు. 1763-64లో ద్రూయే అనే చిత్రకారుడు వేసిన మదాం ద పాంపదూర్ చిత్రములో ఆమె ఇటువంటి చట్రము ముందే కూర్చుండి ఉన్నది. 1770లో సెంత్-ఓబెన్ ఎంబ్రాయిడరీ కళపై రచించిన గ్రంథములో ఈ పద్ధతిని వివరించినాడు. సాధారణ సూదికంటె ఇది ఎన్నో రెట్లు వేగముగా సాగుతుంది. కారణము సులభము. సూదిని పూర్తిగా గుడ్డకు అవతలికి తీసి మరల తిప్పి గుచ్చవలసిన పని లేదు. పనిముట్టు ఎప్పుడూ ఒకే వైపు ఉంటుంది.

పనిముట్టు ఒకే వైపు ఉన్నదంటే దానిని యంత్రముచేత ఆడించవచ్చునన్నమాట. ఈ సంగతి ఒక బీద దర్జీకి తట్టినది. బార్తెలెమీ తిమోనియే 1793లో ఫ్రాన్సులో జన్మించినాడు. ఆంప్లెప్వీ గ్రామమున దర్జీపని చేసేవాడు. సమీపమున ఉన్న తరార్ పట్టణము సన్నని మస్లిను గుడ్డకు ప్రసిద్ధి. ఆ గుడ్డలపై పల్లె స్త్రీలు కొక్కెపు సూదితో ఎంబ్రాయిడరీ చేసేవారు. తిమోనియే వారి చేతి కదలికనే కొయ్య యంత్రములో దింపినాడు. కాలితో తొక్కగా కొక్కెపు సూది దిగి, కింది దారమును పట్టి, గొలుసుకుట్టు వేసేది. 1830లో దానికి పేటెంటు లభించినది. వాడుకలోకి వచ్చిన మొదటి కుట్టు యంత్రములలో ఒకటి ఈ విధముగా ఎంబ్రాయిడరీ కడుపున పుట్టినది. ఎంబ్రాయిడరీ మిషను కుట్టు మిషనుకు తరువాతి సంతానమని తలచేవారు ఈ వరుసను గమనించవలెను.

పారిస్‌లో సైనికుల దుస్తులు కుట్టుటకు 80 యంత్రములతో కార్ఖానా పెట్టినారు. 1831లో దర్జీలు గుంపుగా వచ్చి వాటిని పగులగొట్టినారు. వారిని మూర్ఖులని తీసివేయుట తేలిక. కాని ఒక్కొక్క కుట్టుకు కూలి లెక్కించుకొని బ్రతికేవానికి, ఆ కుట్లను రెప్పపాటులో వేసే యంత్రము ఎట్లా కనిపించి ఉంటుందో ఆలోచించవలెను. తిమోనియేకు కూడ ఆ యంత్రము అన్నము పెట్టలేదు. 1857లో ఆయన పేదరికములోనే మరణించినాడు.

ఇదే కాలమున మ్యుల్హూజ్ పట్టణములో జోసువే హైల్‌మన్ మరొక దారి తొక్కినాడు. 1828 ప్రాంతమున ఆయన నిర్మించిన యంత్రములో సూదికి రెండు కొనలు, నడుమ రంధ్రము. గుడ్డ నిలువుగా బిగించిన చట్రముమీద ఉంటుంది. ఒక ప్రక్కనున్న పటకారులు సూదులను గుచ్చితే, రెండవ ప్రక్కనున్న పటకారులు పట్టి లాగి, మరల వెనుకకు గుచ్చుతవి. సూదిని తిప్పవలసిన అవసరము లేకుండుటకే ఆ రెండు కొనలు. పనివాడు ఆరు రెట్లు పెంచి గీసిన పటముపై ఒక ములికిని జరుపుతూ ఉంటాడు. పాంటోగ్రాఫు అనే సంధి పుల్లల అమరిక ఆ కదలికను ఆరవ వంతుకు తగ్గించి గుడ్డ చట్రమును కదుపుతుంది. తొలి యంత్రములలోనే 80 నుండి 140 సూదులు ఒకేసారి ఒకే పువ్వును వేసేవి. సూది తన దారిని మార్చదు, గుడ్డ కదులుతుంది అనే సూత్రము ఇక్కడనే స్థిరపడినది.

ఈ యంత్రము స్విట్జర్లాండులోని సెంట్ గాలెన్ ప్రాంతమున వేళ్లూనినది. రైతులు ఇంటి నేలమాళిగలో యంత్రము పెట్టుకొని పనిచేసేవారు. అయితే సూదిలో దారము పొట్టిది, అయిపోయినకొలది ఎక్కించవలెను. సుమారు 300 సూదులకు దారము ఎక్కించే పని ఆడవారిమీద, బడి విడిచిన తరువాత పిల్లలమీద పడినది. కిటికీ దగ్గర చిరు వెలుతురులో కూర్చుండి చిన్నచిన్న వేళ్లతో వారు ఎక్కించిన దారాలు లేకపోతే ఆ యంత్రము ఒక్క పువ్వు కూడ వేసి ఉండదు. 1863లో ఇసాక్ గ్రోబ్లి కుట్టు మిషనులోని సూదినీ, నాడెనూ తెచ్చి ఎంబ్రాయిడరీ యంత్రములో పెట్టినాడు. అప్పటినుండి దారము ఉండనుండి తెగకుండ వచ్చినది. నాడె పడవ ఆకారములో ఉండుటచేత దానికి స్విస్ జర్మను మాటలో చిన్నపడవ అని అర్థము వచ్చే షిఫ్లి అనే పేరు కలిగినది. మన సాలెవారి నాడెను చూచినవారికి ఆ పేరు వింతగా తోచదు.

1910 నాటికి ఎంబ్రాయిడరీ స్విట్జర్లాండు ఎగుమతులలో మొదటి స్థానమునకు వచ్చినది. ప్రపంచములోని సరుకులో సగమునకు పైగా ఆ ఒక్క ప్రాంతమునుండే వెళ్లేది. మొదటి ప్రపంచయుద్ధము, ఆపైన మారిన దుస్తుల తీరు దానిని పడగొట్టినవి. యంత్రమును పగులగొట్టి పాత ఇనుముగా వేసినవారికి సొమ్ము ఇచ్చే ఏర్పాటు చేయవలసి వచ్చినది. పారిస్ దర్జీలు కోపముతో చేసిన పనిని ఇక్కడ యజమానులే బహుమానము తీసుకొని చేసినారు.

ఆ పరిశ్రమ విడిచి వెళ్లిన ఒక ఉపాయము మాత్రము నేటి తరగతులలో ప్రతిదినము కనిపిస్తుంది. 1880ల ప్రాంతమున అక్కడివారు పట్టుగుడ్డపై నూలుదారముతో దట్టముగా కుట్టి, తరువాత పట్టును రసాయనముతో కరిగించినారు. మిగిలినది దారముల వల, అనగా లేసు. క్షారములో పట్టు కరుగుతుంది, నూలు నిలుస్తుంది; అంతే రహస్యము. ఇప్పుడు నేర్చుకొనేవారు పట్టుకు బదులు పాలివినైల్ ఆల్కహాలుతో చేసిన పలుచని పొరపై కుట్టి, నీటిలో ముంచుతారు. పొర మాయమై లేసు చేతిలో మిగులుతుంది. అయితే ప్రతి దారము మరొక దారమును దాటి ముడిపడి ఉండవలెను. లేకున్న పొరతోపాటు పువ్వు కూడ విడిపోయి నీటిలో దారపు చిక్కు తేలుతుంది. ఈ పాఠము ఒకసారి నీటిలో ముంచి చూచుకొన్నవారు మరచిపోరు.

ఇక ఇంటి మిషను సంగతి. అమెరికాలో 1846లో ఎలియాస్ హౌ, 1851లో ఐజాక్ సింగర్ పేటెంట్లు పొందినారు. 1854లో ఆలెన్ విల్సన్ గుడ్డను తనంతట ముందుకు నడిపే పళ్ల అమరికకు పేటెంటు తీసుకొన్నాడు. పళ్లు పైకి లేచి గుడ్డను పట్టి, ముందుకు జరిపి, దిగి, వెనుకకు వస్తవి. గుడ్డను అణచిపట్టే పాదము, దానిని నడిపే పళ్లు కలిసి కుట్టును తిన్నగా సమానముగా చేసినవి. విచిత్రమేమనగా, అదే మిషనుతో ఎంబ్రాయిడరీ చేయవలెనంటే మొట్టమొదట ఈ రెండింటిని తొలగించవలెను. పాదము విప్పివేస్తారు, పళ్లను కిందికి దించుతారు, దిగని మిషనులలో వాటిపై ఒక రేకు కప్పుతారు. తిన్నగా నడిపించుటకు మేధావులు చేసిన ఏర్పాటు పోగానే నడక మరల చేతికి వస్తుంది.

సింగర్ కంపెనీ 20వ శతాబ్ది తొలి సంవత్సరములలోనే మిషనుపై కళాత్మక ఎంబ్రాయిడరీ చేయుటకు ఒక పాఠ్యపుస్తకము ప్రచురించినది. మిషను కొన్నవారికి దానిని వాడుట నేర్పుట వ్యాపారములో ఒక భాగము. అమ్మకము కొరకు పుట్టిన పాఠమైనా అది పాఠమే. దానినిబట్టి ఇండ్లలోని మామూలు తొక్కుడు మిషనులు పూలు, ఆకులు, పక్షులు వేసినవి.

ఆ పద్ధతిని కొంచెము వివరముగా చూడవలెను. గుడ్డను రెండు కొయ్య వలయముల నడుమ మద్దెలవలె బిగిస్తారు. చేతి ఎంబ్రాయిడరీలో గుడ్డ వలయమునకు పైవైపున ఉంటుంది. ఇక్కడ అడుగువైపున ఉండి మిషను బల్లకు ఆనుకొనవలెను. బిగువు చాలకపోతే సూది పైకి లేచేటప్పుడు గుడ్డను తనతో ఎత్తుతుంది; అప్పుడు సూది వెనుక దారపు మెలిక సరిగా ఏర్పడదు, నాడె దానిని పట్టలేదు, కుట్టు తప్పిపోతుంది. లోపలి వలయమునకు నాడా చుట్టుటకు కారణము ఇదే.

కొత్తవారు చేసే తప్పు ఒకటి ఉన్నది. పాదము లేదు కదా అని దానిని దించే మీటను పైకే వదలివేస్తారు. ఆ మీటకు మరొక పని కూడ కలదు: అది పైన ఉన్నంతసేపు పైదారమును పట్టే బిళ్లలు వదులుగా ఉంటవి. బిగువు లేని దారము కిందికి దిగి, గుడ్డ అడుగున పిచ్చుక గూడు కట్టుతుంది. సూది విరుగుతుంది, మిషను చెడినదని నేర్చుకొనేవారు భయపడతారు. చెడినది ఏమీ లేదు, మీట దించితే చాలును.

కుట్టు పొడవు కూడ ఇక్కడ మిషను చేతిలో లేదు. నిమిషమునకు 600 కుట్లు వేసే విద్యుత్ మిషను సెకనుకు 10 కుట్లు వేస్తుంది. చేయి ఆ సెకనులో వలయమును 20 మిల్లీమీటర్లు జరిపితే కుట్టు 2 మిల్లీమీటర్లు. 5 మిల్లీమీటర్లే జరిపితే అర మిల్లీమీటరు. కాలు వేగము పెంచి చేయి నెమ్మదించితే దారము ఒకచోట కుప్ప పడుతుంది. చేయి తొందరపడి కాలు వెనుకబడితే కుట్లు సాగి, సూది వంగి తెగుతుంది. కాలికీ చేతికీ మధ్య ఈ ఒప్పందము కుదురుటకే సాధన కావలెను. కుదిరిన తరువాత దారముల బిగువుతో ఆడుకొనవచ్చును. పైదారమును బిగించి కిందిదానిని వదులు చేస్తే, రంగు కిందిదారము పైకి వచ్చి పైదారమునకు చుట్టుకొని పూసలవలె కనిపిస్తుంది. సూదిలో పట్టనంత లావు దారమును బాబినుకు చుట్టి, గుడ్డను తిరగేసి కుట్టితే మంచివైపున త్రాడు పరచినట్లుంటుంది.

ఇంగ్లండులో సింగర్ వారి ఎంబ్రాయిడరీ గదిని దీర్ఘకాలము నడిపిన డొరొతీ బెన్సన్ ఈ పనితనమునకు పేరు పొందినది. 1930లలో రెబెక్కా క్రాంప్టన్ వంటి కళాకారిణులు మిషను కుట్టును తమ రచనలలోనికి తెచ్చినారు. అప్పటిదాకా మిషను కుట్టు అనగా చేతి కుట్టుకు చౌక నకలు అనే భావము ఉండేది. ఆ భావము నిరాధారము కాదు. కార్ఖానాలు నకళ్లే చేసేవి. క్రాంప్టన్ వంటివారు నకలు మానుకొన్నారు. సూది గీతను గీతగానే చూపినారు. 1961లో క్రిస్టీన్ రిస్లీ ఈ విద్యపై గ్రంథము వ్రాసేనాటికి ఆంగ్ల కళాశాలలలో ఇది పాఠ్యాంశముగా కుదురుకొన్నది.

మన దేశమునకు సింగర్ మిషనులు 19వ శతాబ్దిలోనే వచ్చినవి. 1930లలో కలకత్తాలో ఉషా మిషనుల తయారీ ప్రారంభమైనది. పట్టణములలోని ఎంబ్రాయిడరీ దుకాణములలో మోకాలితో నొక్కే మీట గల మిషను కనిపిస్తుంది. మోకాలు నొక్కినకొలది సూది అటూ ఇటూ వెడల్పుగా ఊగి ఆకు నడుమను నింపుతుంది, వదలినకొలది సన్నగిల్లి ఆకు కొన తేరుతుంది. చేయి, కాలు, మోకాలు మూడింటికీ పని.

గ్రోబ్లి కుమారుడు 19వ శతాబ్ది చివర రంధ్రముల అట్టలతో యంత్రము తనంతట నడిచే ఏర్పాటు చేసినాడు. ఆ అట్టల స్థానమును తరువాత కంప్యూటరు ఆక్రమించినది. 1990లో జపాను కంపెనీ జనోమి ఇంటిలో వాడదగిన కంప్యూటరు ఎంబ్రాయిడరీ మిషనును అమ్మకమునకు తెచ్చినది. నమూనాను కంప్యూటరులో కూర్చే పనిని ఇప్పటికీ పంచింగు అంటారు, అట్టలు కనుమరుగైనా.

ఇప్పుడు తెలుగు పట్టణములలోని రవికెల దుకాణములో రెండు ధరలు చెబుతారు: మగ్గము పనికి ఒకటి, కంప్యూటరు పనికి ఒకటి. మొదటిది రోజులు పడుతుంది, రెండవది గంటలలో ముగుస్తుంది. చట్రము చుట్టూ కూర్చుండి ఆరీతో కుట్టేవారికి ఆ రెండు ధరల మధ్య తేడాయే జీవనము. ఆ తేడా తగ్గినకొలది చట్రము చుట్టూ కూర్చునేవారు తగ్గుతారు. వేడుకకు నేర్చుకొనే గృహిణికి ఆ బాధ లేదు. ఆమె వేసిన పువ్వు కొంచెము వంకర అయినా ఎవరికీ కూలి తగ్గదు. తరగతిలో ఆమె పాదము విప్పి, పళ్లు దించి, వలయము బిగించి, కింది దారమును ఒక కుట్టుతో పైకి లాగి పట్టుకొంటుంది. తొక్కబోయే ముందు నేర్పేవారు ఒకే మాట అడుగుతారు: మీట దించినారా?