రామచంద్రన్ పటం: మద్రాసు జీవభౌతిక శాస్త్రపు తొలి పుష్కరం

జీవకణంలో జరిగే ప్రతి పనికీ అణువుల పరస్పర చర్యలే ఆధారం కాబట్టి, ఒక అణువులోని పరమాణువులు ఒకదానికొకటి ఎంత దూరంలో నిలుస్తాయి, ఎక్కడ ఆకర్షించుకుంటాయి, ఎక్కడ ఒరుసుకుని తొలగిపోతాయి అన్న ప్రశ్నలను భౌతిక శాస్త్ర పద్ధతులతో విచారించే విద్య జీవభౌతిక శాస్త్రంగా రూపుదిద్దుకుంది. భారతదేశంలో ఈ విద్య 1952కూ 1963కూ మధ్య మద్రాసు విశ్వవిద్యాలయంలో, గిండీ ప్రాంగణంలోని భౌతిక శాస్త్ర విభాగంలో వేళ్లూనుకుంది. ఆ పుష్కరకాలంలో అక్కడ పనిచేసిన వారిలో చాలామంది అప్పుడప్పుడే పరిశోధనలో అడుగుపెట్టిన యువకులు. ఖరీదైన పరికరాలు లేకుండా, అపారమైన ఓపికతో వారు చేసిన లెక్కలు ఈనాటికీ ప్రపంచంలోని ప్రతి ప్రోటీన్ ప్రయోగశాలలో వాడుకలో ఉన్నాయి.

ఆ విభాగానికి అధిపతిగా వచ్చిన జి.ఎన్. రామచంద్రన్ 1922లో ఎర్నాకుళంలో జన్మించి, బెంగుళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థలో మొదట ఎలక్ట్రికల్ ఇంజనీరింగులో చేరి, సి.వి. రామన్ చొరవతో భౌతిక శాస్త్రంలోకి మళ్లి, 1947 నుంచి 1949 వరకు కేంబ్రిడ్జిలో పరిశోధన చేసి తిరిగి వచ్చినవాడు. మద్రాసు విశ్వవిద్యాలయ ఉపకులపతి ఎ. లక్ష్మణస్వామి మొదలియార్ ఆచార్య పదవికి మొదట రామన్‌నే అడగగా, ఆయన తనకు బదులు శిష్యుని పేరు సూచించాడని చెబుతారు. ముప్పై ఏళ్లయినా నిండని వ్యక్తికి విభాగాన్ని అప్పగించి, దిశను ఎంచుకునే స్వేచ్ఛ కూడా ఇవ్వడం ఆనాటి విశ్వవిద్యాలయాలలో అరుదైన సాహసం. తరువాతి చరిత్రకంతటికీ అదే మూలం.

దిశ దొరికింది బ్రిటిష్ శాస్త్రవేత్త జె.డి. బెర్నాల్ మద్రాసు వచ్చినప్పుడు. చర్మానికి, ఎముకకు, కండరాన్ని ఎముకతో కలిపే స్నాయువుకు బలమిచ్చే కొల్లాజెన్ అనే ప్రోటీన్ నిర్మాణం ఇంకా ఎవరికీ సరిగా తేలలేదని ఆయన చెప్పాడు. 1951లో లైనస్ పాలింగ్, రాబర్ట్ కోరీ ప్రతిపాదించిన నమూనా నిలబడలేదు. కొల్లాజెన్‌పై పనిచేయడానికి గిండీ ఎంత అనువైన చోటో ఇక్కడ చెప్పుకోవాలి. పొరుగునే కేంద్ర తోళ్ల పరిశోధన సంస్థ ఉంది. తోలు ఊనడమంటే పచ్చి చర్మంలోని కొల్లాజెన్ పోగులను కుళ్లకుండా రసాయనాలతో స్థిరపరచడమే కనుక ఆ సంస్థకు ఈ ప్రోటీన్ నిత్యావసర వస్తువు. గుంటూరు జిల్లా నుంచి వెళ్లి, తోలు ఊనే రసాయన శాస్త్రంలో పేరు గడించి, 1958లో ఆ సంస్థకు సంచాలకుడైన యలవర్తి నాయుడమ్మ వల్ల తెలుగువారికి అది చిరపరిచితం. కంగారూ తోక స్నాయువు నుంచి తీసిన మేలైన కొల్లాజెన్ పోగు రామచంద్రన్‌కు ఆ సంస్థలోనే లభించింది.

ఆ పోగు మీదికి ఎక్స్-కిరణాలను పంపి, అవి చెదిరి ఫిల్ముపై పడే మచ్చల అమరికను బట్టి లోపలి నిర్మాణాన్ని ఊహించే పనిలో రామచంద్రన్‌కు తోడు నిలిచినవాడు గోపీనాథ్ కర్తా అనే యువ పరిశోధకుడు. కొల్లాజెన్‌లోని అమైనో ఆమ్లాలలో, అంటే ప్రోటీన్ గొలుసుకు కడియాల వంటి చిన్న అణువులలో, మూడింట ఒక వంతు గ్లైసీన్ అన్న రసాయన వాస్తవాన్ని వారు గట్టిగా పట్టుకున్నారు. గ్లైసీన్ అన్నిటికన్నా చిన్నది. గొలుసులో ప్రతి మూడో స్థానంలో అదే ఉంటే మూడు గొలుసులు ఒకదానికొకటి అంత దగ్గరగా చేరగలవని తర్కించి, 1954లో నేచర్ పత్రికలో మూడు గొలుసుల నమూనాను ప్రకటించారు. మరుసటి సంవత్సరం దానిని సవరించి, ఆ మూడూ ఒకే అక్షం చుట్టూ మెలితిరిగి ఉంటాయని చూపారు.

1955లోనే అలెగ్జాండర్ రిచ్, ఫ్రాన్సిస్ క్రిక్ మూడు గొలుసుల మెలికను అంగీకరిస్తూనే మద్రాసు నమూనాలో రెండు లోపాలు ఎత్తిచూపారు. ప్రతి మూడు అమైనో ఆమ్లాలకు రెండు హైడ్రోజన్ బంధాలు ఉంటాయని మద్రాసు వారు చెప్పగా, ఒకటే సాధ్యమన్నారు; రెండు బంధాలకు చోటివ్వాలంటే కొన్ని పరమాణువులు ఉండకూడనంత దగ్గరగా వస్తాయన్నారు. హైడ్రోజన్ బంధమంటే, నత్రజని వంటి పరమాణువుకు అంటుకున్న హైడ్రోజన్, ఎదుటి గొలుసులోని ఆక్సిజన్ వైపు లాగబడడం వల్ల ఏర్పడే బలహీనమైన ముడి. బంధాల సంఖ్య విషయంలో రిచ్, క్రిక్‌ల మాటే నిజమని 1994లో కొల్లాజెన్‌ను పోలిన పెప్టైడ్ (అమైనో ఆమ్లాల పొట్టి గొలుసు) స్ఫటికం తేల్చింది. అయితే రెండో విమర్శ మద్రాసులో లేవనెత్తిన ప్రశ్న ఆ వివాదాన్ని మించిపోయింది: ఎంత దగ్గరైతే మరీ దగ్గర? దానికి నమ్మదగిన కొలమానం అప్పటికి ఎక్కడా లేదు.

విమర్శకు జవాబుగా వాదం పెంచుకోకుండా కొలతకు పూనుకోవడం ఈ చరిత్రలో అన్నిటికన్నా గౌరవించదగిన ఘట్టం. ప్రోలీన్ అనే అమైనో ఆమ్లపు గొలుసైన పాలీప్రోలీన్ నిర్మాణాన్ని 1959లో ఛేదించి అప్పటికే సత్తా చాటిన వి. శశిశేఖరన్, పరిశోధక విద్యార్థిగా ఉన్న సి. రామకృష్ణన్ ఈ పనిలో రామచంద్రన్‌కు సహచరులు. అప్పటివరకు ప్రచురితమైన అమైనో ఆమ్లాల, చిన్న పెప్టైడుల స్ఫటిక నిర్మాణాలన్నిటినీ గాలించి, నేరుగా బంధం లేని పరమాణువులు ఎంత దగ్గరగా కనిపిస్తున్నాయో వారు పట్టిక వేశారు. ఒక్కొక్క జంటకు మామూలు హద్దు ఒకటి, తప్పనిసరైతే చేరగల చివరి హద్దు ఒకటి నిర్ణయించారు. రెండు కార్బన్‌లకు అవి 3.2, 3.0 ఆంగ్‌స్ట్రాములు, రెండు హైడ్రోజన్‌లకు 2.0, 1.9. ఆంగ్‌స్ట్రాము అంటే సెంటీమీటరులో పది కోట్లవ వంతు.

తరువాతి మెట్టు లెక్క. ప్రోటీన్ గొలుసులో అమైనో ఆమ్లాలను కలిపే పెప్టైడ్ బంధం చుట్టూ ఉన్న పరమాణువులు ఒకే తలంలో బిగుసుకుని ఉంటాయి కాబట్టి, ఆల్ఫా కార్బన్ అనే నడిమి పరమాణువుకు అటూ ఇటూ ఉన్న రెండు బంధాల చుట్టూ మాత్రమే గొలుసు స్వేచ్ఛగా తిరగగలదు. ఆ రెండు మలుపు కోణాలకు ఫై, సై అని పేర్లు. కోణాలను పదేసి డిగ్రీల చొప్పున మారుస్తూ పోతే 36ను 36తో హెచ్చవేసి 1,296 భంగిమలు వస్తాయి; ప్రతి భంగిమలోనూ పరమాణువుల జంటల దూరాలన్నీ కట్టి హద్దులతో సరిపోల్చాలి. కంప్యూటరు అందుబాటులో లేని కాలంలో ఇదంతా బల్లమీది గణన యంత్రాలతో, కాగితం మీద వరుస వెంట వరుస రాసుకుంటూ చేయవలసి వచ్చింది. ఇటువంటి పనిలో మెరుపు లాంటి ఊహకు ఎంత విలువ ఉందో, ఒక్క అంకె తప్పకుండా రోజంతా కూర్చోగల విద్యార్థికీ అంతే విలువ ఉంది.

ఫలితం 1963లో జర్నల్ ఆఫ్ మాలిక్యులర్ బయాలజీలో అయిదు పుటల వ్యాసంగా వెలువడింది. ఒక అక్షంపై ఫై, మరొక అక్షంపై సై ఉంచి గీసిన ఆ పటంలో సుమారు నాలుగింట మూడు వంతుల చోటు నిషిద్ధమని, మిగిలిన చిన్న దీవులలోనే గొలుసు నిలవగలదని తేలింది. పాలింగ్ చెప్పిన ప్రోటీన్ ఆకృతులైన ఆల్ఫా మెలిక, బీటా పొరలు, కొల్లాజెన్ మెలిక అన్నీ ఆ దీవులలోనే ఇమిడాయి. పక్కకొమ్మగా ఒక్క హైడ్రోజన్ మాత్రమే ఉన్న గ్లైసీన్‌కు విశాలమైన చోటు దొరకగా, ఉంగరంలా ముడిపడి ఉండే ప్రోలీన్‌కు సన్నని పట్టీ మాత్రమే మిగిలింది. అప్పటికి సూక్ష్మంగా తెలిసిన ప్రోటీన్ నిర్మాణం జాన్ కెండ్రూ బృందం తేల్చిన మయోగ్లోబిన్ ఒక్కటే అన్నంత అరుదైన దశలో, ముందుముందు దొరకబోయే వేల ప్రోటీన్ల ఆకృతులకు కేవలం దూరాల లెక్కతో ఎల్లలు గీయగలగడం సామాన్యమైన సంగతి కాదు.

ఆ యువకులు తలో దారిన ఎదిగారు. కర్తా అమెరికాలోని బఫెలో నగరానికి వెళ్లి, 1967లో రైబోన్యూక్లియేజ్ అనే ఎంజైము నిర్మాణాన్ని తేల్చిన ముగ్గురిలో ఒకడయ్యాడు. రామచంద్రన్ 1971 ప్రాంతంలో బెంగుళూరు చేరి భారతీయ విజ్ఞాన సంస్థలో అణు జీవభౌతిక విభాగాన్ని నెలకొల్పగా, శశిశేఖరన్, రామకృష్ణన్ కూడా అక్కడే పనిచేసి తరువాతి తరాన్ని తీర్చిదిద్దారు. రామచంద్రన్ 2001లో మరణించాడు. ఈనాడు కొత్త ప్రోటీన్ నిర్మాణాన్ని అంతర్జాతీయ భాండాగారంలో దాఖలు చేసేటప్పుడు జరిగే పరీక్షలలో ఈ పటం ఒకటి. నిషిద్ధ ప్రాంతంలో అమైనో ఆమ్లాలను సూచించే చుక్కలు ఎక్కువగా పడితే ఆ నిర్మాణంలో పొరపాటు ఉందేమోనని వెనక్కి వెళ్లి చూసుకుంటారు.

పటానికి ప్రపంచం పెట్టిన పేరు ఒక్క గురువుదే. ఆయన మార్గదర్శనం లేకుండా అది లేదన్నది నిజమే అయినా, మూల వ్యాసం శీర్షిక కింద ఉన్నవి మూడు పేర్లు. మన కళాశాలల్లో ఈ పాఠం చెప్పే అధ్యాపకులు రామకృష్ణన్, శశిశేఖరన్‌ల పేర్లు కూడా నల్లబల్ల మీద రాయాలి. పరిశోధనలో అడుగుపెట్టబోయే విద్యార్థులకు ఆ రెండు పేర్లే ముందుగా తెలియాలి.