కాగితపు నారల త్రిమితీయ ఎక్స్-రే చిత్రణ: ఒక కొలత సమస్య చరిత్ర

ఉపోద్ఘాతం

ఎక్స్-రే టోమోగ్రఫీ చరిత్రను వైద్యరంగం వైపు నుంచి చెప్పడం ఆనవాయితీగా వస్తున్నది. 1895లో రాంట్‌జెన్ ఆవిష్కరణ, 1917లో యోహాన్ రాడాన్ ప్రతిపాదించిన గణితం, 1963-64లో అలన్ కార్మాక్ వ్యాసాలు, 1971 అక్టోబరు 1న లండన్‌లోని అట్కిన్సన్ మోర్లే ఆసుపత్రిలో గాడ్‌ఫ్రీ హౌన్స్‌ఫీల్డ్ యంత్రంపై తొలి రోగి పరీక్ష, 1979లో ఆ ఇద్దరికీ నోబెల్ బహుమతి. ఈ వరుసలో చెప్పినప్పుడు కథ యంత్రం విజయంతో ముగుస్తుంది. అదే సాధనం కాగితం, కలప నార మిశ్రమాల అధ్యయనానికి మళ్ళినప్పుడు జరిగింది వేరు. అక్కడ చిత్రం లభించింది గాని, ఏ ప్రశ్న కోసం చిత్రాన్ని కోరుకున్నారో ఆ ప్రశ్న తేలలేదు. ఆ వ్యవధానాన్ని పరిశీలించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

కాగిత శాస్త్రంలో పాత ప్రశ్న

సాధారణ కాగితంలో పోగులను పట్టి ఉంచేది ప్రధానంగా జిగురు కాదు. తడి గుజ్జులోంచి నీరు తొలగే కొద్దీ పోగులు ఒకదానికొకటి దగ్గరై, వాటి కణకుడ్యాల మధ్య హైడ్రోజన్ బంధాలు ఏర్పడతాయి. కాబట్టి కాగితం బలం రెండింటిపై ఆధారపడుతుంది: పోగు సొంత బలం, పోగుల మధ్య బంధం. 1969లో డెరెక్ పేజ్ ప్రతిపాదించిన తన్యతా సమీకరణం ఈ రెండింటినీ ఒకచోట చేర్చింది. అందులో బంధిత వైశాల్యం ఒక పదం. సమీకరణంలో రాసినంత సులువుగా దాన్ని కొలవడం సాధ్యం కాలేదు.

1960లో కాల్‌మెస్, కోర్టే అనే ఇద్దరు పరిశోధకులు పోగులను సమతలంపై యాదృచ్ఛికంగా పడిన గీతలుగా భావించి, ఖండనల సంఖ్యను సంభావ్యతా సిద్ధాంతంతో అంచనా వేశారు. దాదాపు అదే కాలంలో పేజ్, టైడ్‌మన్ ప్రభృతులు ధ్రువిత కాంతి సూక్ష్మదర్శిని కింద ఒక్కొక్క ఖండన వద్ద పోగులు నిజంగా తాకే ప్రదేశాన్ని చూశారు. మొదటి పద్ధతిలో కాగితం మొత్తం ఉంది, పోగు లేదు. రెండవదానిలో పోగు ఉంది, కాగితం లోపలి భాగం లేదు. పోగులకూ గాలికీ మధ్య ఉన్న అసంఖ్యాక తలాలు కాంతిని చెదరగొట్టడం వల్లనే కాగితం తెల్లగా కనిపిస్తుంది. ఆ తెలుపే లోపలికి చూపును పోనివ్వదు. చెదిరే కాంతిని కొలిచి బంధం లేని తలాన్ని పరోక్షంగా అంచనా వేసే పద్ధతి చాలాకాలం వాడుకలో ఉన్నది, కాని అది ఒక సగటు మాత్రమే.

రెజిన్‌లో పొదిగి, పలుచని కోతలుగా కోసి, ఒక్కొక్కదాన్ని చిత్రించి, కంప్యూటరులో మళ్ళీ పేర్చడం మరో మార్గం. స్వీడన్‌లోని ఉప్సలలో మాటియాస్ ఆరన్‌సన్ 2002లో సమర్పించిన సిద్ధాంతగ్రంథం కాగితపు పోగుల త్రిమితీయ కొలతలకే అంకితమైనది. కోత ఎంత జాగ్రత్తగా సాగినా నమూనా కొంత వంగుతుంది, పేర్పులో వరుసలు జరుగుతాయి. నమూనాను నాశనం చేయకుండా చూడగల సాధనం కోసం నిరీక్షణకు కారణం ఇదే.

నత్తగుల్ల నుంచి కాగితానికి

1982లో ఇలియట్, డోవర్ సూక్ష్మ టోమోగ్రఫీని ఒక చిన్న నత్తగుల్లపై ప్రదర్శించారు. ఎంపిక యాదృచ్ఛికమైనా కాకపోయినా అనుకూలమైనదే. గుల్లలోని కాల్షియం ఎక్స్-కిరణాలను బాగా శోషిస్తుంది. సెల్యులోజ్‌లో ఉన్నవి కార్బన్, హైడ్రోజన్, ఆక్సిజన్ మాత్రమే. కొన్ని మైక్రాన్ల మందం ఉన్న కణకుడ్యం శోషణ చిత్రంలో దాదాపు నీడే వేయదు.

1994లో గ్రెనోబుల్‌లోని యూరోపియన్ సింక్రోట్రాన్ పరిశోధకులకు అందుబాటులోకి రావడంతో పరిస్థితి మారింది. ఎంతో ప్రకాశవంతమై, అధిక సంబద్ధత గల ఆ కిరణపుంజంలో శోషణ లేకపోయినా తరంగ దశలో వచ్చే మార్పు పోగు అంచుల వద్ద తెలుపు-నలుపు చారలుగా వ్యక్తమవుతుంది. నార్వే పరిశోధకులు గ్రెనోబుల్ శాస్త్రజ్ఞులతో కలిసి కాగితపు త్రిమితీయ చిత్రాలను 2001లో గుజ్జు, కాగిత శాస్త్ర పత్రికలో ప్రచురించారు. నాలుగు దశాబ్దాలుగా సమీకరణాల్లో ఊహించిన వల కళ్ళకు కట్టింది.

అయితే ఆ చారలు ఒక మూల్యాన్ని కోరాయి. వైద్య టోమోగ్రఫీలో బూడిదరంగు విలువకు భౌతికార్థం ఉంటుంది, హౌన్స్‌ఫీల్డ్ పేరిట ఒక కొలమానమే ఉన్నది. దశాభేద చిత్రంలో అంచు వద్ద కాంతి ఎక్కువ, తక్కువ కావడానికి సాంద్రతతో నేరుగా సంబంధం లేదు. 1979 నాటి ఓట్సు పద్ధతిలో ఒకే అవధి విలువతో పోగునూ గాలినీ విడదీయబోతే అంచులే పోగులుగా లెక్కకు వస్తాయి. 2002లో పగానిన్ ప్రభృతులు ప్రతిపాదించిన దశా పునరుద్ధరణ ఈ చిక్కును కొంత తగ్గించింది. కాని అది నమూనా ఏకజాతీయ పదార్థమని భావిస్తుంది. గాలిలో ఉన్న కాగితానికి ఆ భావన సరిపోతుంది, ప్లాస్టిక్‌లో పొదిగిన నారకు అంతగా సరిపోదు.

చట్రం, పోగు, సరిహద్దు

అసలు ఇబ్బంది పరిమాణంలో ఉన్నది. స్ప్రూస్ వంటి మెత్తకలపలో గుజ్జు పోగులు నిజానికి దారుకణాలు. వాటి పొడవు సుమారు 3 మిల్లీమీటర్లు, వెడల్పు సుమారు 30 మైక్రాన్లు, గోడ మందం కొన్ని మైక్రాన్లే. గోడ స్పష్టంగా కనిపించాలంటే పిక్సెల్ ఒక మైక్రాన్ లోపు ఉండాలి. పిక్సెల్‌కు 0.7 మైక్రాన్, ఒక్కో వైపు 2048 పిక్సెళ్ళు అనుకుంటే చట్రం 1.4 మిల్లీమీటర్లు. పూర్తి ఘనంలో దాదాపు 859 కోట్ల వోక్సెళ్ళు ఉన్నప్పటికీ ఒక్క సగటు పోగు కూడా నిటారుగా అందులో ఇమడదు. కనిపించేవి తెగిన ముక్కలు. పైగా పొడవైన పోగు ఏ చట్రానికైనా తగిలే అవకాశం ఎక్కువ కనుక ముక్కల సగటును అట్లాగే తీసుకోవడం తప్పుదారి పట్టిస్తుంది.

రెండవది సరిహద్దు. బాగా అతుక్కున్న రెండు పోగుల మధ్య పదార్థం ఒకటే, సాంద్రత ఒకటే. చిత్రంలో గీత ఉండదు. అర మైక్రాన్ ఎడంతో విడిగా ఉన్న గోడలు కూడా అట్లాగే కలిసిపోయి కనిపిస్తాయి. అంటే చిత్రం ఇచ్చేది స్పర్శ, పేజ్ సమీకరణం అడిగేది బంధం. ఈ రెండూ ఒకటే అన్న అనుకోలు చాలా లెక్కల్లో చర్చ లేకుండా చొరబడింది.

చిత్ర విశ్లేషణ పరిశోధకులు ఆశ్రయించిన ఆధారం పోగు లోపలి బోలు, ల్యూమెన్. గోడలు కలిసినా బోళ్ళు వేరుగానే ఉంటాయి. గునిల్లా బోర్గెఫోర్స్ 1986 నాటి దూర రూపాంతరణ వ్యాసం, 1987లో బిగున్, గ్రాన్‌లుండ్ దిగ్విన్యాసాన్ని అంచనా వేసిన పద్ధతి ఈ రంగానికి పనిముట్లుగా నిలిచాయి. పోగులను ఘనచిత్రంలో వెంబడించే పద్ధతులను మరియా ఆక్సెల్‌సన్ ఉప్సలలో అభివృద్ధి చేయగా, 2011లో ఫిలిప్ మాల్మ్‌బెరి ప్రభృతులు సింక్రోట్రాన్ చిత్రాల్లో పోగుల పరస్పర స్పర్శను కొలిచే విధానాన్ని ప్రచురించారు.

ఇక్కడ ఒక వైపరీత్యం గమనించదగినది. గుజ్జును దంచినప్పుడు పోగులు మెత్తబడి, బోళ్ళు కుప్పకూలి, రిబ్బను వలె చదునవుతాయి. అటువంటి పోగులే బాగా అతుక్కుంటాయి. బోలును పట్టుకుని నడిచే పద్ధతి సరిగ్గా వాటి వద్దనే తప్పుతుంది. గోడలోని గర్తాల గుండా ఒక బోలు పక్క బోలులోకి కారిపోవడం మరో చిక్కు. ఫలితంగా బలహీనంగా అతుక్కున్న పోగుల గురించి ఎక్కువగా, బలంగా అతుక్కున్నవాటి గురించి తక్కువగా తెలిసే ప్రమాదం ఏర్పడింది. తనిఖీకి నిజమైన కాగితంలో సరైన జవాబు ఎవరివద్దా లేదు. అందుకే 1994లో నిస్కానెన్, అలావా ఉపయోగించిన తరహా కృత్రిమ పోగుల వలలు తిరిగి ప్రాముఖ్యం పొందాయి. వాటిలో ప్రతి స్పర్శా ముందే తెలుసు. అయితే కృత్రిమ పోగు నిర్మాతకు తెలిసినంత వరకే వంగుతుంది.

ఈ పద్ధతుల్లో అధికభాగం ఉత్తర ఐరోపా మెత్తకలపను దృష్టిలో ఉంచుకుని రూపొందినవి. రాజమహేంద్రవరం, భద్రాచలం ప్రాంతాల కాగితపు మిల్లులకు ముడిసరుకు సుబాబుల్, యూకలిప్టస్, సరుగుడు. వీటి పోగుల పొడవు సుమారు ఒక మిల్లీమీటరు, లేదా ఇంకా తక్కువ. చట్రంలో పోగు మొత్తంగా ఇమిడే అవకాశం ఇక్కడ పెరుగుతుంది. అయితే గట్టికలప గుజ్జులో పొట్టిగా, వెడల్పుగా ఉండే దారునాళ ఖండాలు కూడా కలిసి వస్తాయి, బోలును బట్టి పోగును గుర్తించే అల్గారిథం వాటిని దేని కింద లెక్కించాలో ముందుగా నిర్ణయించుకోవలసి ఉంటుంది. ఇండోర్‌లోని ఇండస్-2 సింక్రోట్రాన్‌లో ఎక్స్-రే చిత్రణకు ప్రత్యేక కిరణమార్గం ఉన్నది.