లెక్క తేలనిచోట దేవుడేనా?

ఈ మధ్య ఒక మిత్రుడు నాతో వాదానికి దిగాడు. "150 అమైనో ఆమ్లాలున్న ప్రోటీన్ గొలుసుకి 1 పక్కన 300 సున్నాలు పెట్టినన్ని ఆకారాలు సాధ్యమట. ఒక్కొక్కటే ప్రయత్నిస్తే విశ్వం వయసంతా చాలదు. అయినా క్షణాల్లో సరిగ్గా ముడుచుకుంటోంది. అంటే ఎవరో మడుస్తున్నట్లే కదా?" అన్నాడు.

ఆ అంకె నిజమే. 1969లో సైరస్ లెవింథాల్ వేసిన లెక్క అది. కానీ ఆయన తేల్చింది వేరు. ప్రోటీన్ అన్ని ఆకారాలనూ వెతకదు, ఏదో దారి పట్టి పోతుంది అన్నాడు. అంతకు ముందే, 1960ల మొదట్లో, అన్‌ఫిన్‌సెన్ రైబోన్యూక్లియేజ్‌ని రసాయనాలతో విప్పేసి, వాటిని తొలగిస్తే అది తనంతట తానే మళ్ళీ ముడుచుకుని పనిచేస్తుందని చూపించాడు. 1972లో నోబెల్ బహుమతి వచ్చింది.

మరి ఆ దారిని చూడటం ఎలా? ఇందుకు పనికొచ్చిన వాటిలో ఒకటి ఏఎన్ఎస్ అనే రంగు. నీటిలో దాదాపు వెలగదు. సీరమ్ ఆల్బుమిన్ అనే ప్రోటీన్‌కి అంటుకుంటే వెలుగుతుందని 1954లో వెబర్, లారెన్స్ చెప్పారు. 1965లో స్ట్రైయర్, హీమ్ తీసేసిన మయోగ్లోబిన్‌లో ఖాళీ అయిన గూట్లో ఈ రంగు చేరి వెలుగుతుందని చూపించాడు. హీమ్ తిరిగి చేరితే రంగు బయటికి పోతుంది, వెలుగు తగ్గుతుంది. నీటికి పొసగని భాగాల చాటున ఉంటేనే దానికి ఆ వెలుగు.

పూర్తిగా విప్పిన గొలుసులో అలాంటి చాటు ఉండదు. పూర్తిగా ముడుచుకున్నాక చాలా ప్రోటీన్లలో ఆ భాగాలు లోపల మూసుకుపోతాయి. సగం ముడిచిన దశలోనే రంగుకి చోటు. 1991లో సెమిసొత్నోవ్ బృందం ప్రోటీన్ ముడుచుకుంటుండగా గమనిస్తే వెలుగు ముందు పెరిగి, తర్వాత తగ్గింది. అంటే దారిలో ఒక మజిలీ ఉంది! ఇలాంటి దశకి 1983లోనే ఒగుషి, వాడా "మోల్టెన్ గ్లోబ్యూల్" అని పేరు పెట్టారు.

వెలుగొక్కటే రుజువు కాదు సుమా. ఆల్బుమిన్ పూర్తిగా ముడుచుకున్నాక కూడా ఈ రంగుని వెలిగిస్తుంది. పైగా రంగే ప్రోటీన్ని కొంత మార్చవచ్చు. అందుకే శాస్త్రజ్ఞులు వేరే పద్ధతులతో కూడా సరిచూసుకుంటారు. ఈ అభ్యంతరాలు లేవదీసింది కూడా వాళ్ళే.

రక్షణ శాఖ లెక్కల్లో పనిచేసినవాణ్ణి. పద్దు ఏదో తేలని మొత్తాన్ని సస్పెన్స్ ఖాతాలో వేసేవాళ్ళం. అది జవాబు కాదు, వోచరు వెతకాలన్న గుర్తు మాత్రమే. నా మిత్రుడు ఆ ఖాతాకి దేవుడని పేరు పెట్టి పుస్తకం మూసేశాడు.