బుల్లెట్ కింద నూనె మరక

గుంటూరు బ్రాడీపేటలోనో అరండల్‌పేటలోనో ఒకప్పుడు ఏ ఇంట్లో బుల్లెట్ ఉందో తెలియడానికి బండి కనబడక్కర్లేదు. గుమ్మం పక్క గచ్చు మీద అరచెయ్యంత నల్లమరక ఉంటే చాలు. కొందరు బండి కింద అట్టముక్క వేసేవాళ్లు, కొందరు ఇసుక పోసేవాళ్లు. ఇదేమిటని అడిగితే మెకానిక్కు నుంచి యజమాని దాకా అందరిదీ ఒకే మాట: బుల్లెట్ అన్నాక కారుతుంది, కారలేదంటే లోపల ఆయిల్ లేనట్టే.

ఆ జవాబు నాకెప్పుడూ మింగుడుపడలేదు. అదే కంపెనీ, అదే చెన్నై, ట్యాంకు మీద అదే పేరు. అయినా 2010 తర్వాత వచ్చిన బళ్ల కింద ఆ మరక మామూలు సంగతి కాకుండా పోయింది. కారడం బుల్లెట్‌కు పుట్టుకతో వచ్చిన గుణమే అయితే అలా పోదు. దానికో కారణం ఉండాలి, ఆ కారణాన్ని ఎవరో తీసేసి ఉండాలి. దాన్ని వెతికి పట్టుకోవాల్సిన అవసరం ఇవాళ్టికీ ఉంది. మిర్చి అమ్మిన డబ్బుతో కొత్త బండి కొని, వారం తిరక్కముందే ఇంజన్ కింద తడి చూసిన కుర్రాడికి ఇప్పటికీ అలాంటి మాటే చెబుతున్నారు: "కొత్తది కదా బాబూ, తిరగ్గా తిరగ్గా అదే సెట్టవుతుంది."

బుల్లెట్ పుట్టిల్లు ఇంగ్లండులోని రెడిచ్. 1952లో భారత సైన్యం బుల్లెట్ల కోసం మద్రాస్ మోటార్స్‌కు ఆర్డరిచ్చింది. 1955లో రెడిచ్ కంపెనీ, మద్రాస్ మోటార్స్ కలిసి ఎన్‌ఫీల్డ్ ఇండియా పెట్టాయి. త్యాగయ్య త్రిపురసుందరి మీద కీర్తనలు కట్టిన తిరువొత్తియూరులో ఫ్యాక్టరీ లేచింది. మొదట విడిభాగాలు ఓడల్లో వచ్చేవి, తర్వాత ఇక్కడే తయారయ్యాయి. ఇంగ్లండులో బుల్లెట్ 1962లో ఆగిపోయింది. ఇక్కడ మాత్రం ఆ 346 సీసీ పోత ఇనుము బోరు చిన్నచిన్న మార్పులతో 2010 దాకా వచ్చింది. ఒక ఇంజన్ అన్నేళ్లు ఒకేలా కారిందంటే తప్పు ఒక కూలీదో ఒక మెకానిక్కుదో కాదు, కాగితం మీద గీసిన బొమ్మలోనే ఏదో ఉంది. మొదటి ఆధారం ఇది.

అందరూ అనుమానించింది క్రాంక్‌కేసుని. దాన్ని నిలువుగా రెండు చెక్కలుగా పోతపోసి మధ్యలో కలిపి బిగిస్తారు, ఆ అతుకు అట్టడుగు దాకా ఉంటుంది కాబట్టి నూనె అక్కడి నుంచే దిగుతుందని వాదన. 1960ల్లో హోండా ట్విన్ ఇంజన్లను అడ్డంగా చీల్చి ఆ గొడవ తప్పించిందని సాక్ష్యం కూడా చూపిస్తారు. కానీ కారడం మానేసిన కొత్త బుల్లెట్ ఇంజన్ కూడా నిలువు చీలికదే! మన ఊళ్లలో తిరిగే వంద సీసీ బళ్లూ అంతే. కాబట్టి ఈ ముద్దాయిని వదిలేయాలి.

తర్వాతది నేల మీదే దొరుకుతుంది. పాత బుల్లెట్‌లో ఇంజన్ వేరు, గేర్‌బాక్సు వేరు, ఎడమవైపు క్లచ్చు తిరిగే ప్రైమరీ కేసు వేరు. మూడింటికీ మూడు నూనెలు. అన్నీ కారి ఒకే చోట కలుస్తాయి. ఆ ప్రైమరీ కవరును పట్టి ఉంచేది చుట్టూ బోల్టులు కాదు, నడిమధ్య ఒకే ఒక్క నట్టు. అంచు వెంబడి రబ్బరు సీలు. నట్టు కొంచెం వదులైతే కింద కారుతుంది, మరీ బిగిస్తే కవరే వంగి కారుతుంది. ఇంజన్ విప్పించి కొత్త ప్యాకింగులు వేయించుకున్నా మరక పోలేదని మొత్తుకున్నవాళ్లలో చాలామంది మరక ఈ నట్టుదే అయ్యుంటుంది. ఇంజన్‌కు ఏ పాపమూ లేదు.

మూడో ఆధారం వేడి. పాత ఇంజన్ బోరు పోత ఇనుము, హెడ్డు, క్రాంక్‌కేసు అల్యూమినియం. నూరు మిల్లీమీటర్ల ముక్క నూరు డిగ్రీలు వేడెక్కితే అల్యూమినియం దాదాపు 0.23 మిల్లీమీటర్లు సాగుతుంది, ఇనుము 0.11 మాత్రమే. కాగితం ప్యాకింగు రోజుకు రెండుసార్లు ఆ తేడాకు అటూ ఇటూ ఒరుసుకుంటుంది. దీనికి మన మే నెల ఎండను తప్పుపట్టేవాళ్లున్నారు. ఇంజన్ వేడి ముందు రెంటచింతల ఎండ కూడా పెద్ద లెక్క కాదు. అయితే వేడికి ఆయిల్ పల్చబడుతుంది, పల్చటి ఆయిల్ సన్నటి సందులోంచి కూడా దారి చూసుకుంటుంది. వేడికి ఈ నేరంలో భాగం ఉంది, కానీ అసలు దోషి అది కాదు.

అసలు దోషిని పట్టించేది అనుభవజ్ఞులైన మెకానిక్కులందరికీ తెలిసిన ఒక వింత. టాపెట్ కవరు దగ్గర తడి ఆపితే నెలకు బోరు అడుగున వచ్చేది. అక్కడ అనబాండ్ జిగురు పూస్తే డైనమో వైపు చెమర్చేది. ప్యాకింగు పోయినంత మాత్రాన నూనె ఇలా చోటు మార్చదు. లోపలి నుంచి ఏదో తోస్తోంది.

తోసేది పిస్టనే. సైకిల్ పంపు లాగే అది దిగిన ప్రతిసారీ తన కిందున్న గాలిని 346 సీసీల మేర నెడుతుంది. నిమిషానికి 3000 చుట్ల దగ్గర ఆ పని సెకనుకు 50 సార్లు జరుగుతుంది. దానికి తోడు రింగులు దాటి మండిన పొగ కిందికి దిగుతుంది. ఈ గాలి బయటికి పోవడానికే బ్రీదర్. బుల్లెట్‌లో దాని చివర బాతుముక్కు ఆకారంలో చిన్న రబ్బరు కవాటం ఉండేది. గాలిని బయటికి వదలాలి, లోపలికి రానివ్వకూడదు. వేడికీ నూనెకీ ఆ రబ్బరు గట్టిపడి మూసుకుపోయినా, పైపు ఎక్కడో నలిగినా లోపలి ఒత్తిడి ఏ అతుకు బలహీనమో చూసి అక్కడి నుంచి నూనెతో సహా బయటపడుతుంది. ఒక్కో అతుకూ మూసేకొద్దీ ఒత్తిడి పక్క అతుకు మీద పడుతుంది. వేలకు వేలు పోసి ఇంజన్ దింపించిన బళ్లు ఎన్నో! చవకైన ఆ రబ్బరు ముక్కను చూసినవాళ్లు తక్కువ.

ఇంకొక ఆధారం ఊరెళ్లి వచ్చాక దొరికేది. బండి వారం కదలకపోతే ఆయిల్ పంపు సందుల్లోంచి నూనె మెల్లగా క్రాంకు కిందికి దిగి నిండేది. కిక్కు కొట్టగానే బ్రీదర్ దాన్ని బయటికి కక్కేది. యజమాని ఇంజన్ పగిలిందని హడలిపోయేవాడు. నిజానికి ఏదీ పగల్లేదు.

2008–2010 మధ్య వచ్చిన కొత్త ఇంజన్‌తో చిక్కు విడింది. పోత ఇనుము పోయి అల్యూమినియం వచ్చింది. ఇంజన్, క్లచ్చు, గేర్లు ఒకే కేసులోకి చేరి ఒకే నూనెలో తడుస్తున్నాయి, అతుకులు తగ్గాయి. ఒంటి నట్టు కవరు పోయింది. మరక వెనక ఉన్నది వాతావరణమో అదృష్టమో కాదు. అతుకుల సంఖ్య, లోహాల తేడా, ఊపిరి దారి. మూడింటినీ మనుషులే గీశారు, మనుషులే దిద్దారు. "అదే సెట్టవుతుంది" అన్న మాటను నేను ఒప్పుకోనిది అందుకే. రింగులు బోరులో సర్దుకుంటాయి, నిజమే. కారే ప్యాకింగు సర్దుకోదు.

ఇక కొత్త బండి. తాడికొండ మీదుగా అమరావతి వెళ్లే దారిలో ఒక్కరోజు తిరిగితే నల్లరేగడి దుమ్ము తడి ఉన్న చోటల్లా అంటుకుని జాడ చూపిస్తుంది. కానీ గాలి నూనెను వెనక్కీ, బరువు కిందికీ తీసుకుపోతాయి కాబట్టి మొదలు వెతకాల్సింది అన్నిటికంటే పైన, అన్నిటికంటే ముందు తడిసిన చోట. ముందుగా ఫొటోలు తీసుకోండి. తర్వాత శుభ్రంగా తుడిచి, ఆరనిచ్చి, చల్లటి ఇంజన్ మీద ముఖానికి రాసుకునే పౌడరు చల్లి కాసేపు తిప్పండి. తెల్లటి పొడి ముందుగా ఎక్కడ తడిసిందో అదే పుట్టిన చోటు. ముందు ఫోర్కు గొట్టం మీద నూనె గీత ఉంటే సీలు పోయినట్టు. అది డిస్కు మీదికి జారితే బ్రేకు పట్టదు, బండి తీయకండి. రంగును లేపేసేది బ్రేకు ఆయిల్. పెట్రోలు వాసన వస్తే స్టార్టు చేయనే వద్దు. తడి మొదటి సర్వీసు తర్వాతే మొదలైతే డ్రెయిన్ బోల్టు కింది వాచర్ మార్చారా, ఆయిల్ పై గీత దాటి పోశారా చూడండి. ఎక్కువైన ఆయిల్‌ను బ్రీదర్ ఎయిర్ ఫిల్టర్ డబ్బాలోకి ఊదుతుంది.

షోరూములో అసలు పోరాటం జాబ్ కార్డు మీద. "జనరల్ చెకప్" అని రాస్తే ఊరుకోవద్దు. "ఇంజన్ ఎడమ కవరు అతుకు దగ్గర ఆయిల్ కారుతోంది" అని, కిలోమీటర్లతో సహా రాయించి నకలు తీసుకోండి. తగ్గిన ఆయిల్ నింపి పంపడం మరమ్మతు కాదు. ప్రతిసారీ కొత్త జాబ్ కార్డు ఉంటే అదే లోపం ఎన్నిసార్లు తిరిగొచ్చిందో ఎవరూ కాదనలేరు. బండినే మార్చి ఇస్తారన్న ఆశ మాత్రం తగ్గించుకోవాలి. 2006లో మారుతి ఉద్యోగ్, సుశీల్ కుమార్ గబ్‌గోత్రా కేసులో సుప్రీంకోర్టు వారంటీ షరతు చెప్పేది లోపమున్న భాగం మార్చడమే తప్ప వాహనం మొత్తం మార్చడం కాదంది.

మాట వినకపోతే 1915కు ఫోన్. అదీ కాకపోతే 2019 చట్టం కింద జిల్లా కమిషన్. తుళ్లూరు కుర్రాడు బండి హైదరాబాదులో కొన్నా ఫిర్యాదు గుంటూరులో వేయొచ్చు, ఒంగోలు వాళ్లు ఒంగోలులో. 5 లక్షల లోపు కొన్న వస్తువుకు ఫీజు లేదు. గడువు రెండేళ్లు. చూపుతో తేలని లోపమైతే 38వ సెక్షన్ కింద కమిషన్ దాన్ని పరీక్షకు పంపగలదు. కాబట్టి ఫిర్యాదు వేయాలనుకున్నాక బండిని వాటర్ సర్వీసుకు ఇవ్వకండి. ఆ దుమ్ము పట్టిన నూనె జాడ మీ తరపు సాక్ష్యం.