అమ్మమ్మ మాత్ర, సుబ్బారావు గారు, ఒక బుల్లి చెట్టు

ఈ ఎపిసోడ్ మా వినగడపలోనే మొదలవుతుంది. మా అమ్మమ్మకి కీళ్లవాతం. డాక్టర్ గారు రాసిన మెథోట్రెక్సేట్ మాత్ర వారానికి ఒక్కసారే వేసుకుంటుంది. పొరపాటున రోజూ వేసుకుంటే ప్రాణానికే ముప్పు. ఎందుకంటే త్వరత్వరగా పెరిగే కణాల్ని ఈ మందు ఆపేస్తుంది. అది జబ్బు కణమా, మంచి కణమా అని చూడదు.

ఈ మందు వెనక మన తెలుగాయన ఉన్నారు. ఆయనే యల్లాప్రగడ సుబ్బారావు గారు. 1895లో భీమవరంలో పుట్టారు. స్ప్రూ అనే పేగుల జబ్బుకి అన్నని పోగొట్టుకున్నారు. ఆ తర్వాత అమెరికా వెళ్లారు, 1940లో లెడర్లీ కంపెనీలో చేరారు. 1945 నాటికి ఆయన టీమ్ ఫోలిక్ యాసిడ్‌ని ల్యాబ్‌లో తయారుచేసింది. స్ప్రూకి కూడా పనికొచ్చిన విటమిన్ ఇది. కణం రెండుగా చీలాలంటే ఇది ఉండాల్సిందే.

తర్వాత అచ్చం దానిలాగే ఉండి, కణాన్ని మోసం చేసే నకిలీల్ని తయారుచేశారు. అందులో ఒకటైన అమినోప్టెరిన్‌తో బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ లుకేమియా పిల్లలకి వైద్యం చేస్తే, కొందరికి కొంతకాలం జబ్బు తగ్గింది. ఆ ఫలితాలు 1948లో అచ్చయ్యాయి. దాని తోబుట్టువే మెథోట్రెక్సేట్. అదే ఏడాది ఆగస్టులో సుబ్బారావు గారు పోయారు. వయసు 53.

మరి మందు జబ్బు కణానికే చేరేదెలా? మిషిగన్‌లో, డో కెమికల్ కంపెనీలో డొనాల్డ్ టొమాలియా 1985లో డెండ్రిమర్ల గురించి పేపర్ వేశారు. గ్రీకులో డెండ్రాన్ అంటే చెట్టు. కోడింగ్ తెలిసినవాళ్లకి ఇది బైనరీ ట్రీ. కొమ్మ చివర్లు 4, తర్వాత 8, 16, 32, 64, 128. ఐదో తరానికి 128 చివర్లు, సైజేమో సుమారు 5 నానోమీటర్లే!

అదే రాష్ట్రంలో, మిషిగన్ యూనివర్సిటీలో జేమ్స్ బేకర్ టీమ్ కొన్ని చివర్లకి ఫోలిక్ యాసిడ్, కొన్నిటికి మెథోట్రెక్సేట్ తగిలించింది. చాలా రకాల క్యాన్సర్ కణాలపైన ఫోలిక్ యాసిడ్‌ని పట్టుకునే కొక్కేలు ఎక్కువగా ఉంటాయి. అంటే ఫోలిక్ యాసిడ్ అడ్రస్, మెథోట్రెక్సేట్ పార్సిల్. 2005లో వచ్చిన ఫలితాల్లో, ఎలుకల్లో మామూలు మందు కంటే ఇది బాగా పనిచేసింది, విషప్రభావం కూడా తగ్గింది.

గమనించారా? అడ్రస్, పార్సిల్ రెండూ సుబ్బారావు గారి ల్యాబ్ చలవే!

కానీ ఈ చెట్టు ఇంకా మందుల షాపుకి రాలేదు. ప్రతి చెట్టుకీ సరిగ్గా అన్నే పార్సిళ్లు తగిలించడం పెద్ద తలనొప్పి. అది తేలేదాకా అమ్మమ్మది పాత మాత్రే. క్యాలెండర్‌లో ఆ ఒక్క రోజుకి సున్నా చుట్టేది మాత్రం నేనే. మీ ఇంట్లో ఎవరైనా ఈ మాత్ర వాడుతుంటే, మీరూ ఒకసారి చీటీ చూడండి.